కామేశు ఆపేసిన మందు

నేను ఒక డీజిలు ఇంజనును. నన్ను పోతపోసింది లారీ కోసం. కంకర మోస్తూ అనకాపల్లి నుంచి అటు ఒడిశా దాకా తిరిగాను. ఎండా వానా తెలుసు, దాబాల ముందు ఆగి చల్లారడం తెలుసు. ఒకరోజు లారీ కల్వర్టు మీంచి పల్టీ కొట్టింది. బాడీ నుజ్జయింది గానీ నాకు దెబ్బ తగల్లేదు. మనుషుల లెక్కలో అది అదృష్టం. అందుకే నన్ను ఊడదీసి, రంగు వేసి, విశాఖపట్నం చేపల రేవులో సూరాడ గురప్పకు అమ్మారు.

గురప్ప నన్ను తన బోటు అడుగున దూలాలకు బిగించాడు. పైన చెక్క మూత, దిగడానికి ఇరుకు నిచ్చెన. అప్పటినుంచి నా లోకం ఆ చీకటి గదే. అందులో నాతోపాటు ఇంకో ఖైదీ ఉండేవాడు. గురప్ప తమ్ముడు కామేశు.

గురప్ప సరంగు. చుక్కాని పట్టుకుని, పైన గాలి పీలుస్తూ బోటు నడిపేవాడు. కామేశు నా పక్కన, నా వేడిలో, నా మోతలో కూర్చునేవాడు. తిన్న అన్నానికి కూడా డీజిలు కంపే. రేవు బయట ఐసు ఫ్యాక్టరీలో పనికి చేరాలని అతని కోరిక. ఒడ్డుకొచ్చిన ప్రతిసారీ అడిగేవాడు.

"ఒడ్డు మీద నీకేటి పనిరా? నువ్వెలిపోతే ఈ ఇంజను ఎవుడి మాటింటాది?" అనేవాడు గురప్ప.

అది నిజమే. నేను కామేశు మాటే వినేదాన్ని. నా గొంతు ఏ కాస్త మారినా అతనికి తెలిసిపోయేది. అతన్ని ఆ గదిలో కట్టేసిన తాడు నేనేనన్న సంగతి మాత్రం నాకు చాలాకాలం తట్టలేదు.

ఏళ్లు గడిచాయి. పొగ ఎక్కువైంది. డీజిలును నా సిలిండర్లలోకి తోసే పంపు అరగడం మొదలైంది. రేవులో నాలాంటి పాత ఇంజన్లను బాగుచేసే మస్తాన్ మేస్త్రీ వచ్చి చూశాడు.

"ఈ పంపుకు వేరే నూనె ఉండదు గురప్పా. పారే డీజిలే దాన్ని తడపాలి. ఇప్పటి డీజిల్లో ఆ జిడ్డు దీనికి చాలట్లేదు. ట్యాంకులో ఈ మందు కలుపుతుండు, అరుగుడు నెమ్మదిస్తుంది. కానీ అరిగింది మాత్రం తిరిగి రాదు. ఎప్పటికైనా విప్పి బాగుచేయించాల్సిందే."

గురప్ప ఆ మాటల్లో తనకు కావలసిన సగమే విన్నాడు. మనుషులకు వైద్యుడి మాట ఎప్పుడూ సగమే వినబడుతుందనుకుంటాను. "మందుంది గదా, ఇంకేటి భయం?" అన్నాడు. అతని ఒంటికీ అదే వైద్యం. నడుం నొప్పికి సాయంత్రం ఓ మందు, మనసు బాగోకపోతే మరో మందు.

డీజిలు పట్టినప్పుడల్లా కామేశు నా మందును సీసా మూతతో కొలిచి కలిపేవాడు. అబద్ధమెందుకు, నాకు హాయిగానే ఉండేది. పంపులో గరగర తగ్గింది, పొగ పలచబడింది. పక్క బోటువాళ్లు మెచ్చుకుంటే గురప్ప గట్టు మీద నిలబడి గొప్పగా అన్నాడు: "మా కామేశున్నంత కాలం ఈ ఇంజనుకు సావు లేదు!"

ఆ మాట మూత సందులోంచి కిందికి వినబడింది. కామేశు చేతిలో సీసా ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు. మూత తియ్యలేదు. సీసాను బ్యాటరీ వెనక్కి తోసేసి, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. నాకు అర్థమైంది. నేను చస్తే గానీ అతను ఒడ్డెక్కడు. నాకు కోపం రాలేదు. ఎవరి విడుదలైనా ఒకటే, మా ఇద్దరిలో ఒకరికైనా రానీ అనుకున్నాను.

మందు ఆగిన మర్నాడే చచ్చిపోతారా ఎవరైనా? నేనూ చావలేదు. నెమ్మదిగా గరగర తిరిగొచ్చింది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు లేచేదాన్ని. వేడెక్కాక ఆగితే మాత్రం మళ్లీ లేవడానికి మొరాయించేదాన్ని.

కార్తీకంలో వాయుగుండం కబురొచ్చింది. వలలు లాగేసి రేవు ముఖం పట్టారు. మధ్యాహ్నానికే సముద్రం లేచిపోయింది. నీళ్లు దిగకుండా పైవాళ్లు నా గది మూత వేసి గడియ పెట్టారు. లోపల నేనూ కామేశూ. ఆ కుదుపులకు ట్యాంకు అడుగునున్న మడ్డి కదిలి ఫిల్టరుకు అడ్డుపడింది. ఊపిరాడక ఆగిపోయాను.

కామేశు ఫిల్టరు మార్చాడు, గొట్టాల్లో గాలి తీశాడు. తాళం తిప్పాడు. తిరిగానే గానీ అందుకోలేకపోయాను. మరిగిపోతున్న పంపులో పట్టు లేదు. బోటు అలలకు అడ్డం తిరిగింది. అతను పిడికిళ్లతో మూత బాదాడు. మోత లేని ఆ గదిలో అతని ఏడుపు నాకు మొదటిసారి వినబడింది.

గడియ తీసి గురప్ప తొంగిచూశాడు. "ఏటైనాదిరా?"

"ఐసియ్యన్నా! గోనెలో ఏసి ఐసియ్యి!"

"ఐసేటిరా, మతి పోనాదా?"

"పంపు కాలిపోతంది. సల్లారితే అందుకుంటాది. బేగీ!"

చేపల కింద పరిచిన ఐసును దోసిళ్లతో గోనెల్లోకి ఎత్తారు. కామేశు వాటిని పంపు చుట్టూ చుట్టి, రెండు చేతులతో వాటేసుకున్నాడు. "లెగు తల్లీ. ఈ పాలికి లెగు," అంటూనే ఉన్నాడు. చలి నా ఇనుములోకి పాకింది. మళ్లీ తాళం తిప్పాడు. దగ్గాను. ఇంకోసారి దగ్గాను. అందుకున్నాను.

రేవు చేరాం. కామేశు నిచ్చెన మెట్టు మీద కూర్చుని అన్నాడు: "అన్నా, మందు నానే ఆపేసినాను."

"ఏ మందు?"

"ఇంజను మందు. ఇది సచ్చిపోతే నన్ను ఒడ్డు మీద ఒగ్గేత్తావని."

గురప్ప చెయ్యి లేచింది. గాల్లోనే ఆగిపోయింది. "అందరం పోయేవోళ్లం గదరా! నోరు నేదేటి నీకు? నాను రానని సెప్పొచ్చు గదా!"

"సెప్తానే ఉన్నానన్నా. ఇంజను సప్పుట్లో నీకు ఇనబళ్లేదు."

గురప్ప కిందికి దిగొచ్చి, తమ్ముడు కూర్చునే చోట తను కూర్చున్నాడు. మోకాళ్లు చాపుకోడానికి జాగా లేదు. నా వేడికి చెమటలు కారిపోతున్నా లేవలేదు. పైకి చూడకుండానే, "రేపట్నుంచి నువ్వు రాకురా," అన్నాడు. అది తిట్టు కాదు.

నన్ను గొలుసులతో పైకి లాగారు. మేస్త్రీ పంపు విప్పి గీతలు పడ్డ ఇనుమును వేలితో తడిమాడు. "నా వల్లేనా మేస్త్రీ?" అని కామేశు అడిగాడు. "కొంత నీ వల్ల, కొంత దీని వయసు వల్ల, చాలా మటుకు మీ అన్న వల్ల," అన్నాడు మస్తాన్.

బాగుచేయించే ఖర్చు దండగని గురప్ప నన్ను అమ్మేశాడు. ఇప్పుడు నేను పాత ఇనుము కొట్లో ఉన్నాను. ఎదురుగా ఐసు ఫ్యాక్టరీ. కామేశు అక్కడే చేరాడు. ఇంజన్ల పని తెలుసని వాళ్లకు తెలియగానే, ఐసు గడ్డలు మోసే పని మాన్పించి జనరేటరు అప్పజెప్పారు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. కానీ ఆ గదికి కిటికీ ఉంది. పని అయ్యాక అతను తాళం వేసి, సైకిలెక్కి ఇంటికి పోతాడు. దాని డీజిల్లో మందు మాత్రం తప్పకుండా కలుపుతాడట.

మొన్న ఏదో బోల్టు కోసం కొట్లోకొచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు. కొట్టు యజమాని పళ్లికిలించాడు. "ఇది నీదే గదేటి? కోయించేద్దామనుకుంటన్నాను. కావాలా?"

"నాది కాదు బాబూ," అన్నాడు కామేశు. "నానే దాని మనిసిని. ఇప్పుడు కాను."

బోల్టు ఏరుకుని వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని చూశాను. చూడలేదు. వెన్ను నిటారుగా పెట్టి, ఎండలో, తీరిగ్గా రోడ్డు దాటాడు.