ఎడమ మలుపు

నేనొక బొమ్మ విమానాన్ని. బొమ్మనంటే పిల్లలు ఆడుకునేదాన్ని కాదు. రెండు సీట్ల శిక్షణ విమానాన్ని అయిదో వంతుకు కుదించి గీసిన ప్లాను ప్రకారం పుట్టినదాన్ని. నేల మీద నిలబడి రిమోటుతో నన్ను నిజంగానే ఎగరేయవచ్చు. నన్ను తయారుచేసినాయన చిట్టూరి వీరభద్రంగారు, కాకినాడలో పాలిటెక్నిక్ లెక్చరరు. అంతకు ముందు ఆయన గాలిపటం కూడా ఎగరేసి ఎరగరు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు కౌశిక్ పైలట్ అవుదామని ఫ్లయింగ్ స్కూల్లో చేరాడు. ఒక ఉదయం ఒంటరిగా ఎగిరి, తిరిగి దిగడానికి ఎడమకు మలుపు తీసుకుంటూ, ఆ మలుపులోనే నేలకూలి చనిపోయాడు. విచారణ జరిపినవాళ్లు, వేగం తగ్గిన సంగతి చూసుకోకుండా కంట్రోలు గట్టిగా లాగాడనీ, తప్పు కుర్రాడిదేననీ తేల్చారు. ఆ మాట విన్నాక వీరభద్రంగారు ఏడవడం మానేశారు. ఆ రకం విమానం ప్లాను కోసం వెతకడం మొదలుపెట్టారు.

భోజనాల బల్ల మీద ప్లాను పరిచి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం వేసి, ఆ గీతల మీదే నన్ను కట్టారు. బాల్సా అనే తేలిక చెక్కను బ్లేడుతో కోసి నా రెక్కలకు పక్కటెముకలు చేశారు. వాటిని గుండుసూదులతో గీత మీద నిలిపి, జిగురు పెట్టి, ఆరేదాకా ఎవరినీ బల్ల కదపనిచ్చేవారు కాదు. భార్యాభర్తలిద్దరూ వంటింట్లో కింద కూర్చుని తినడం అలవాటు చేసుకున్నారు. గరుకు కాగితంతో నన్ను రుద్దిన పొడి అక్కడికి కూడా వెళ్లి అన్నం మీద పడేది.

ఆయన భార్య సత్యవేణిగారు నన్ను మొదటి రోజే గుర్తుపట్టారు.

"ఇది అదే కదండీ? నా బిడ్డని మింగినదానికి ఇంట్లో పురుడు పోస్తున్నారా?"

"ఒక్కసారి ఎగరేసి చూడాలి వేణీ. ఆ మలుపులో తప్పు వాడిదో, విమానానిదో నా కళ్లతో నేను చూడాలి."

"చూసి? వాడిదేనని తేలితే ఏం చేస్తారు?"

ఆయన ఇంకో గుండుసూది తీసి గుచ్చారు. చిన్న నమూనా ఎగిరినట్టే పెద్ద విమానం ఎగరదని, గాలి రెంటినీ ఒకేలా మోయదని ఏళ్ల తరబడి క్లాసులో పాఠం చెప్పినవారే ఆయన. మనుషులు తమకు బాగా తెలిసిన సంగతిని అవసరం వచ్చినప్పుడు ఎంత చక్కగా మర్చిపోతారో నేను ఆ బల్ల మీద పడుకునే నేర్చుకున్నాను.

నాకు రంగు పొర అంటించే రోజు వచ్చింది. వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ పొర అది. ఇస్త్రీపెట్టెతో అంటించాలి. ఆయన చేతిలో ఆ పొర కాలి చిల్లులు పడింది. సత్యవేణిగారు కాసేపు చూసి, "ఇలా ఇవ్వండి" అని పెట్టె లాక్కున్నారు. కొడుకు యూనిఫారం ఇస్త్రీ చేసిన చెయ్యి అది. ఎక్కడా ముడత లేకుండా నా ఒళ్లంతా కప్పారు. మధ్యలో ఒకసారి మాత్రం పెట్టె పక్కన పెట్టి, నా రెక్క మీద అరచేతులు ఆనించి, తల వంచుకుని అలాగే నిలబడిపోయారు.

ప్లానులో పైలట్ బొమ్మ కూడా ఉంది. ఆయన చెక్కబోతే, "అది మాత్రం వద్దండీ" అన్నారావిడ. నా సీట్లు రెండూ ఖాళీగానే ఉండిపోయాయి.

ఎగరేయడం నేర్చుకోవడానికి ఆయన థర్మోకోల్ విమానాలు చాలానే విరగ్గొట్టారు. చెయ్యి కుదిరాక, ఎండాకాలంలో ఒక ఉదయం నన్ను ఊరి బయట ఎండిపోయిన ఉప్పుమళ్లకు తీసుకెళ్లారు. రానని మొండికేసిన సత్యవేణిగారు ఆఖరి నిమిషంలో వచ్చి కారెక్కారు.

గొప్పకు చెప్పడం కాదు గానీ, నేను చక్కగా ఎగిరాను. ఆయన నన్ను ఓ చుట్టు తిప్పి, మోటారు తగ్గించి, కాస్త కిందికి దించి, కౌశిక్ తిరిగిన ఆ మలుపు తిప్పారు. ఎడమకు వాలాను, తిరిగాను, తిన్నగా బయటికొచ్చాను. ఆయన మొహం పాలిపోయింది. మళ్లీ, ఇంకా నెమ్మదిగా తిప్పారు. రెక్క కాస్త వణికింది. ఆయన రిమోటు మీది స్టిక్ వదలగానే సర్దుకుని బయటికొచ్చేశాను.

"చాలండీ, దింపెయ్యండి" అన్నారావిడ.

ఆయన వినిపించుకోలేదు. ఈసారి మోటారు పూర్తిగా ఆపేశారు. నేను ఎడమకు వాలాక ఆయన బొటనవేలు స్టిక్‌ను వెనక్కి లాగింది. ఇంకా లాగింది. నా ముక్కు పైకి లేచింది, గాలి నన్ను వదిలేస్తోంది. అప్పుడైనా వేలు సడలిస్తే నేను బతికేదాన్ని. ఆయన సడలించలేదు. పక్కన నిలబడిన సత్యవేణిగారు ఆకాశంలోకి చూడడం లేదు, ఆయన చేతికేసి చూస్తున్నారు. నా ఎడమ రెక్క కిందికి జారిపోయింది. తెల్లటి నేల గిర్రున తిరుగుతూ మీదికొచ్చింది.

ఇద్దరూ నా ముక్కల దగ్గరికి నడిచి వచ్చారు. ఆయన నేల మీద కూర్చుని విరిగిన నా రెక్కను చేతిలోకి తీసుకున్నారు.

"చూశావా వేణీ? దానంతటదే పడిపోయింది. వాడి తప్పేం లేదు. వాడు మాత్రం ఏం చెయ్యగలడు?" అని, ఇన్నాళ్లకు, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు.

ఆవిడ పక్కన కూర్చుని ఆయన వీపు నిమిరారు. "చూశానండీ. దానంతటదే పడింది."

ఇప్పుడు నేను గోనెసంచిలో, అటక మీద ఉన్నాను. ఇంటికి ఎవరొచ్చినా ఆయన ఆ ఉదయం సంగతి చెబుతారు. "నువ్వూ చూశావుగా" అంటారు. "చూశాను" అంటారావిడ. ఆయన నిద్రకు ఇప్పుడు లోటు లేదు.

ఆయన బయటికి వెళ్లిన మధ్యాహ్నాల్లో మాత్రం ఆవిడ ఒక్కోసారి అటక కిందికి వచ్చి నిలబడతారు. పైకి చూసి, గోడలకు కూడా వినబడనంత మెల్లగా అడుగుతారు:

"ఎందుకురా నాన్నా, అంత గట్టిగా లాగావు?"

అడిగేది నన్ను కాదు.