బారెడు మధ్యాహ్నం

మిల్లులో సైరన్ వేసే ఆయన ఇంట్లో గోడ గడియారం లేదు, చేతి వాచీ లేదు, అలారం అసలే లేదు. ఆయన కళ్లు తెరిచాడంటే తెల్లవారుజామున ఐదయినట్టు. సైకిల్ స్టాండు తీసిన చప్పుడు వినబడితే ఐదూ నలభై. ఆరింటికి మొదటి కూత, రెండింటికి రెండో కూత. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. ఊళ్లో సగం మంది ఆ కూతకే పొయ్యి వెలిగించేవాళ్లు, ఆ కూతకే మాత్రలు మింగేవాళ్లు. ఇక ఇంట్లోవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. భార్య వంటగదిలోంచి "ఏమండీ, ఎంతయింది?" అని అడిగితే, ఆయన తలెత్తకుండానే చెప్పేవాడు. కూతురైతే పరీక్ష హాల్లో టైమెంతయిందో తెలియక, ఓసారి తలెత్తి నాన్న కోసం అటూ ఇటూ చూసిందట.

అన్నేళ్లు ఊరికి టైము చెప్పిన మనిషికి ఊరి టైము అంటుకుపోక ఏమవుతుంది? ఆ సంగతి ఆయన పొరుగు దేశంలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు బయటపడింది. అక్కడ మనకంటే రెండు గంటల ముందే తెల్లారుతుంది. వాకిట్లో ఎండ కాస్తోంది. బస్సు దిగి వస్తున్న ఆయన చుట్టూ మాత్రం, అటు బారెడు ఇటు బారెడు, ఇంకా చీకటే. ఆ బారెడులోకి వచ్చినవాళ్ల వాచీలు కూడా మన ఊరి టైమే చూపించాయి. బయటికి వెళ్తే మళ్లీ మామూలే. చెల్లెలు గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా, మన ఊరి చీకటి కూడా వెంటబెట్టుకొచ్చావా? గడప ఎత్తుగా ఉంటుంది, చూసుకుని అడుగెయ్యి" అంది. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఆయనే మళ్లీ ఎక్కడికీ కదల్లేదు. పదిమందిలో తన చుట్టూ పొద్దు వేరుగా ఉండటం ఆయనకు మహా మొహమాటం.

అలాంటి మనిషిని కూతురు విమానం ఎక్కించింది.

ఆ పిల్ల ఆసుపత్రిలో దుప్పట్లూ గౌన్లూ కుట్టే గదిలో పనిచేస్తుంది. పెళ్లికొడుకు సరుకుల ఓడలో వంటవాడు. వాళ్ల పెళ్లి అప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి ఓడ తుఫానులో చిక్కుకుంది. రెండోసారి అతని బదులు రావాల్సిన వంటవాడు కాలు విరగ్గొట్టుకున్నాడు. మూడోసారి ఆ పిల్ల ఎవరి కాళ్ల మీదా ఆధారపడదలుచుకోలేదు. "ఓడ మన దగ్గరికి రాకపోతే మనమే ఓడ దగ్గరికి వెళ్దాం" అంది. ఓడ రెండు రోజులు ఆగే రేవు ఒకటి వెతికి పట్టుకుంది, మనకంటే ఐదు గంటలు ముందుండే దేశంలో. అక్కడి పెళ్లిళ్ల ఆఫీసుకి నాలుగు నెలల ముందే కాగితాలు పంపింది. బయటి దేశం వాళ్లకి ఆ ఆఫీసు ఒక్క రోజుకే అనుమతి ఇస్తుంది. ఆ రోజు సంతకాలు అయిపోతే సరి, లేకపోతే కథ మళ్లీ మొదటికి. మర్నాడు పొద్దున ఏడింటికి ఓడ బయల్దేరుతుంది. భార్య అని కాగితం ఉంటే ఆమె కూడా వంటవాడితో పాటు పదకొండు నెలల ప్రయాణానికి ఎక్కొచ్చు. కాగితం లేకపోతే రేవులో నిలబడి చెయ్యి ఊపి, ఇంటికి వచ్చి, మళ్లీ దుప్పట్లు కుట్టుకోవడమే.

"నేనెందుకమ్మా, అందరికీ ఇబ్బంది. మీ అమ్మా అత్తా వస్తారుగా" అన్నాడు తండ్రి.

"నువ్వు రాకపోతే పెళ్లి లేదు."

"ఫొటోల్లో నీ పక్కన చీకటిగా పడతాను."

"పడు."

ఈ ఫొటోల బెంగ ఆయన కంటే పెళ్లికొడుకు తల్లికే ఎక్కువ. "అన్నయ్యగారు మంచివారే, నేను కాదనను. కాస్త ఎడంగా నిలబడితే బాగుంటుందని" అంటూ దారి పొడుగునా నాలుగుసార్లు అంది. మేనత్త, అంటే ఆయన చెల్లెలు, నాలుగోసారి ఊరుకోలేదు. "పెళ్లికూతురి నాన్నని ఎడంగా నిలబెడితే, ఇక దగ్గరగా ఎవర్ని నిలబెడదాం వదినా? విమానం తోలేవాడినా?" అంది. పెళ్లికొడుకు తల్లి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

హోటల్లో ఆవిడది ఒక గది, మిగిలినవాళ్లందరిదీ ఇంకో గది. పెళ్లికూతురుకి విడిగా చిన్న గది తీశారు కానీ ఆ పిల్ల వెళ్లనంది. "రేపట్నుంచి పదకొండు నెలలు మీరెక్కడో నేనెక్కడో. ఈ ఒక్క రోజూ మీ దగ్గరే పడుకుంటా" అని మంచాలు రెండూ దగ్గరికి జరిపి అమ్మానాన్నల మధ్య చేరింది. బయట దీపాలు వెలిగి చాలాసేపయింది. మంచం మీద మాత్రం మన ఊరి మధ్యాహ్నపు ఎండ. తల్లి చీర కొంగు మొహం మీద కప్పుకుంది. మేనత్త మూలన పరుపేసుకుని, "ఆ ఎండ కాస్త ఇటు పంపండర్రా, ఇక్కడ చలిగా ఉంది" అంది. కబుర్లు చెప్పుకుంటూ చెప్పుకుంటూ, మన ఊళ్లో పొద్దు వాలాక గానీ ఎవరికీ నిద్ర పట్టలేదు. పడుకునే ముందు పెళ్లికూతురు జీవితంలో మొదటిసారి ఫోనులో అలారం పెట్టింది. ఆ ఫోను ఆ దేశంలో మాటలకి పనిచెయ్యదు, కనీసం అలారానికి పనికొస్తుందనుకుంది. పొద్దున ఏడింటికి మోగేలా పెట్టి, దిండు పక్కన, నాన్న భుజానికి జానెడు దూరంలో భద్రంగా ఉంచింది.

అలవాటైన ఇంట్లో ఉన్నట్టు హాయిగా నిద్రపోయింది. అదే కొంప ముంచింది.

సైరన్ ఆయన ఎప్పటిలాగే సరిగ్గా ఐదింటికి కళ్లు తెరిచాడు. ఆ క్షణానే తలుపు మీద దబదబా బాదుతున్న చప్పుడు. మేనత్త లేచి తీసింది. పెళ్లికొడుకు. కోటు చంకలో ఉంది, చెమటలు కారుతున్నాయి.

"ఆఫీసులో తొమ్మిదింటికి పిలిచారు అత్తయ్యా. మళ్లీ పిలిచారు. మీరెవరూ లేరు. మా అమ్మ ఏమో, పెళ్లికూతురు ముస్తాబవుతూ ఉంటుంది, తలుపు కొట్టకూడదని తనొక్కతే వచ్చేసింది. నేను పరిగెత్తుకొచ్చా."

"ఐదే కదా అయింది" అంది పెళ్లికూతురు ఫోను చూసి. అంటూనే మంచం దిగి రెండడుగులు అటు వేసింది. ఫోనులో పది అయింది.

ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు, అనడానికి టైము లేదు. తండ్రి మాత్రం మంచం మీదే కూర్చుండిపోయాడు. "నా వల్లే" అన్నాడు.

"తర్వాత బాధపడుదువు గానీ, చొక్కా వేసుకో" అంది కూతురు.

ఎనిమిది నిమిషాల్లో చీర కట్టుకుంది. జడ దారిలో మేనత్త వేసింది, నడుస్తూనే.

పెళ్లిళ్ల ఆఫీసులో పొడుగాటి హాలు, రెండు వైపులా చెక్క బల్లలు, చివర ఇనప టేబులు, దాని వెనక రిజిస్ట్రారు. సన్నటి మనిషి, కళ్లజోడు గొలుసుకి వేలాడుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది. "మీ వంతు తొమ్మిదింటికి. ఇవాళ అన్నీ నిండిపోయాయి. ఎవరైనా రాకపోతే పిలుస్తాను. కూర్చోండి."

"కూర్చుంటాం" అంది పెళ్లికూతురు.

కూర్చుంది. నడుము వాల్చకుండా, కుట్టు మిషను ముందు కూర్చున్నట్టు కూర్చుంది. పెళ్లికొడుకు టీ తెచ్చాడు. తల్లి రెండుసార్లు కళ్లు తుడుచుకుంది. ఒక జంట వెళ్లింది, ఇంకో జంట వచ్చింది. ఆ రోజు ఆ దేశంలో పెళ్లి మానుకున్న వెధవ ఒక్కడూ లేడు. అందరూ టైముకి వచ్చారు, అందరూ నవ్వుతూ సంతకాలు చేశారు. పెళ్లికూతురు తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేది, వాళ్లని చూసి కూర్చునేది. పెళ్లికొడుకు తల్లి, "పోనీలేమ్మా, పదకొండు నెలలు ఎంతలో గడుస్తాయి" అంటే, ఆ పిల్ల మర్యాదగానే, "గడవ్వు అత్తయ్యా. ఒకసారి గడిపి చూశాను" అంది.

తండ్రి హాల్లోకి రానే లేదు. బయట ఆవరణలో బల్ల మీద కూర్చున్నాడు. ఊరంతటికీ టైము చెప్పినవాడు, ఒక్కర్ని ఆలస్యం చేశాడు, ఆ ఒక్కరూ కన్నకూతురు. ఆ బాధ తట్టుకోలేకపోయాడు. అన్నం తినమన్నా తినలేదు. ఆ దేశంలో ఆ రోజంతా మబ్బు, చలిగాలి. ఆయన చుట్టూ మాత్రం నెమ్మదిగా తెల్లారింది, ఎండొచ్చింది, ఎండ ముదిరింది. మనవరాలి పెళ్లికి వచ్చిన ముసలావిడ ఒకరు అది చూసి, వచ్చి ఆయన పక్కన కూర్చుని మోకాళ్లు కాచుకుంది. వెళ్తూ వెళ్తూ ఆయన భుజం తట్టింది.

చివరి జంట సంతకాలు చేసేసరికి గోడ గడియారం ఐదు కొట్టింది. రిజిస్ట్రారు పుస్తకం మూసింది.

పెళ్లికూతురు టేబులు ముందుకు వెళ్లి నిలబడింది. "మేడమ్, మేమొక్కళ్లమే ఉన్నాం."

"ఐదయిందమ్మా. ఐదు దాటాక పెట్టిన సంతకం చెల్లదు. నేను రాసిచ్చినా రేపు ఓడ వాళ్లు చింపేస్తారు. నీ మీద కోపం కాదు."

"టైము దేన్నిబట్టి చూస్తారు మేడమ్? ఆ గోడ గడియారమా?"

"కాదు. రిజిస్ట్రారు చేతి వాచీ. పుస్తకంలో రాసేది ఆ టైమే. ఇరవై రెండేళ్లుగా ఇది ఒక్క నిమిషం తప్పలేదు."

పెళ్లికూతురు ఆవిడ చేతి వాచీ వైపు చూసింది. తర్వాత, "రెండు నిమిషాలు కూర్చోండి మేడమ్, దణ్ణం పెడతా" అని చీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తిపట్టి ఆవరణలోకి పరిగెత్తింది.

"నాన్నా, లే."

"అయిపోయిందా అమ్మా? నా వల్లే పోయింది."

"అవును, నీ వల్లే పోయింది. నీ వల్లే రావాలి. లే ముందు."

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. హాల్లో అప్పటికే దీపాలు వేశారు. ఆ మసక వెలుతుర్లో, బల్లల మధ్య నుంచి, నడినెత్తిన ఎండతో ఆయన నడిచి వస్తుంటే నేల మీద రాళ్లు ఒక్కొక్కటే మెరిశాయి. టేబులు కదిలేది కాదు, అందుకని కూతురు ఆయన్ని టేబులు వెనక్కి, రిజిస్ట్రారు కుర్చీ పక్కకి తీసుకెళ్లి నిలబెట్టింది.

రిజిస్ట్రారు ఎండకి కళ్లు చిట్లించింది. వాచీ చూసుకుంది. పన్నెండూ ఆరు. గోడ గడియారం చూసింది. మళ్లీ వాచీ చూసింది. పెళ్లికొడుకు కోటు బొత్తాం తప్పు రంధ్రంలో పెట్టుకుని, తీసి, మళ్లీ తప్పులోనే పెట్టుకున్నాడు.

"ఈయన మీకేమవుతారు?" అంది రిజిస్ట్రారు.

"మా నాన్న."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది, పుస్తకం తెరిచింది. "సాక్షులు కూడా ఈ టైములోనే సంతకం పెట్టాలి. అందరూ ఇటు రండి, ఒక్కరూ బయట నిలబడకూడదు."

బారెడు జాగాలో ఏడుగురు పట్టాలంటే మాటలా? పెళ్లికూతురు ఇటు, పెళ్లికొడుకు అటు, తల్లి వీపుకి ఆనుకుని మేనత్త. పెళ్లికొడుకు తల్లికి చోటు చాల్లేదు. భుజం సగం సాయంత్రంలోనే ఉండిపోయింది. మేనత్త కసిరింది. "ఎడంగా నిలబడితే కుదరదు వదినా! అన్నయ్య చెయ్యి పట్టుకో." ఆవిడ సిగ్గుపడుతూనే సైరన్ ఆయన మోచేతిని రెండు చేతులతో గట్టిగా వాటేసుకుని లోపలికి వచ్చింది. ఎండకి ఆవిడ ముక్కు మీద చెమట పట్టింది. "హాయిగా ఉందండీ, పొద్దుటినుంచీ వణికి చచ్చాను" అంది.

సంతకాలయ్యాయి. పెళ్లి వేళ అన్న గడి దగ్గర రిజిస్ట్రారు ఆగి, వాచీ చూసి, మధ్యాహ్నం పన్నెండూ పదిహేడు అని గుండ్రటి అక్షరాలతో రాసి ముద్ర కొట్టింది. ముద్ర పడిన చప్పుడుకి పెళ్లికూతురు, పొద్దుటినుంచీ ఒక్క చుక్క కార్చనిది, తండ్రి భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆమె తల నిమురుతూ, "టైముకే అయిందమ్మా, టైముకే అయింది" అన్నాడు.

మర్నాడు ఆ దేశంలో మబ్బు విడిపోయింది. ఏడింటికి ఓడ కదిలేసరికి రేవంతా కళ్లు జిగేల్మనే ఎండ. పంపించడానికి వచ్చిన జనం వందల్లో ఉన్నారు, అందరూ చేతులు ఊపుతున్నారు. పైనుంచి చూస్తున్న పెళ్లికూతురుకి కాసేపటికే ఎవరు ఎవరో తెలియకుండా పోయింది. అంత వెలుతురులో ఒక్క చోట మాత్రం నల్లగా, బారెడు మేర, మన ఊరి రాత్రి రెండింటి చీకటి.

ఆ రాత్రిలో నిలబడి తల్లి, "పిల్లకి మనం కనబడుతున్నామంటారా?" అంది.

జనంలో ఎప్పుడూ వెనక్కి జరిగే ఆ మనిషి, జనాన్ని తోసుకుని రేవు చివరి రాయి దాకా వెళ్లి నిలబడ్డాడు. చెల్లెలి సంచిలోంచి టార్చిలైటు తీసుకుని, వెలిగించి, చెయ్యెత్తి పట్టుకున్నాడు. చెయ్యి నొప్పెడితే రెండో చేతిలోకి మార్చుకున్నాడు, దించలేదు.

పట్టపగలు, అంత ఎండలో, టార్చిలైటు ఎవరికి కనిపిస్తుంది? ఆ పిల్లకి కనిపించింది. రేవూ, ఇళ్లూ, కొండలూ కనబడకుండా పోయాక కూడా చాలాసేపు కనిపించింది.