బాకా పెట్టెలో బ్రష్షు

బ్యాండులో బాకా ఊదే ఆయన్ని అందరూ బాకా బాబాయి అనేవారు. సొంత పేరుతో పిలిస్తే, ఎవరినా అని ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు. అలాంటి మనిషికి పైవరసలో ముందుపన్ను కదలడం మొదలైంది. బాకా సరిగ్గా ఆ పన్ను మీదే ఆనుతుంది. అది ఊడితే బాకా మూలపడుతుంది, దాంతోపాటు బాబాయీ.

వైద్యులకు చూపించుకోలేదని కాదు. ముగ్గురి దగ్గరికి వెళ్ళాడు, ముగ్గురూ తలంటి పంపారు. చివరాయనైతే కుళ్ళిన చిగుళ్ళ బొమ్మలు చూపించి హడలగొట్టాడు. ఆ దెబ్బకి బాబాయి ఏడాదిపాటు ఆ వీధి మొహం చూడలేదు. ఇంట్లో భార్య సంగతి సరేసరి, లేస్తే అదే పాట. భయపెడితే బాగుపడే మాటైతే ఈపాటికి లోకమంతా తళతళలాడే పళ్ళతో నవ్వుతూ ఉండేది.

ఆయన చేసే తప్పేమిటో మాత్రం ఎవరూ అడగలేదు. తోముతుంటే రక్తం వచ్చిన చోటల్లా ఆయన బ్రష్షు తగలనివ్వకుండా వదిలేసేవాడు. పుండు మానేదాకా ముట్టుకోకూడదు కదా, అదీ ఆయన లెక్క.

చివరికి భార్య పోరు పడలేక కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. కూతురి వయసు పిల్ల. నోరు తెరవమనే ముందు కుర్చీ దగ్గరికి జరుపుకుని, రోజెలా గడుస్తుందని అడిగింది. బాబాయి తిట్ల కోసం కాచుకుని కూర్చున్నాడు. తిట్లు రాలేదు. పన్ను నిలబెట్టుకోవాలన్న కోరికకి పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగింది. పదీ వేశాడు. రోజూ రాత్రి తోముకోగలనన్న నమ్మకానికి? సిగ్గుపడుతూ మూడన్నాడు.

“మూడెందుకు వేశారు బాబాయి గారూ? సున్నా వేయొచ్చుగా?”

పది ఎందుకు వేయలేదంటే చెప్పడానికి ఆయన దగ్గర బోలెడు సాకులున్నాయి. దీనికి మాత్రం సాకు పనికిరాదు, ఉన్నమాటే చెప్పాల్సి వచ్చింది.

“ఎంత అలిసిపోయినా బాకా తుడవకుండా పడుకోనమ్మా. జ్వరమొచ్చినా సరే. ఆపాటి బుద్ధుంది నాకు.”

“మరి ఆ బుద్ధి నోటిక్కూడా పనికొచ్చేలా ఏం చేద్దాం?”

బ్రష్షు బాకా పెట్టెలోనే పెట్టుకుంటానని ఆయనే చెప్పాడు. ఆవిడకి ముందే తట్టి ఉంటుంది. తట్టినా పైకి అనకుండా ఊరుకోవడం ఎంత పెద్ద విద్యో, సలహాలిచ్చే అలవాటున్న వాళ్ళకే తెలియాలి.

పళ్ళకి పట్టిన గార తీసేశాక ఆవిడ అద్దం, బ్రష్షు ఆయన చేతికిచ్చింది. చిగురు అంచున బ్రష్షు ఆనించగానే ఎర్రగా కనబడింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

“ఆపకండి. ఇది తోమినందుకొచ్చే రక్తం కాదు, ఇన్నాళ్ళూ తోమనందుకొచ్చేది.”

రక్తం తగ్గుతూ వచ్చింది. అంతలో పొరుగూరి కచేరీలు వచ్చిపడ్డాయి. బాకా ఎప్పట్లాగే తుడిచేవాడు కానీ, నలుగురి మధ్యా బ్రష్షు తీయడానికి మొహమాటపడి మానేశాడు. మళ్ళీ చిగుళ్ళు ఉబ్బాయి. ఇంటికొచ్చాక తోమడం మళ్ళీ మొదలుపెట్టాడు గానీ, ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలని కుమిలిపోయి, చివరికి దొంగలా వెళ్ళి ఒప్పుకున్నాడు. ఆవిడ ఎందుకు మానేశారని అడగలేదు. ఇంటికొచ్చాక మళ్ళీ ఎలా మొదలుపెట్టారని అడిగింది, అదేదో ఘనకార్యమైనట్టు. చెబుతూ చెబుతూ బాబాయి నిటారుగా కూర్చున్నాడు. ఇలాంటి పిల్లని కన్నవాళ్ళెవరో గానీ చల్లగా ఉండాలనుకున్నాడు.

కొన్ని నెలల తర్వాత ఆవిడ సన్నటి కడ్డీతో చిగురు చుట్టూ తడిమి చూసింది. రక్తం రాలేదు. పన్ను కదలిక తగ్గింది.

“నిలబడుతుంది బాబాయి గారూ. ఏదీ, ఒక్కసారి వినిపించండి.”

ఆయన వెంట తెచ్చుకున్న పెట్టె తెరిచి బాకా అందుకున్నాడు. ఏడాదిగా భయంతో వదిలేసిన పైస్వరం దాకా వెళ్ళి, అక్కడే నిలిచాడు. బయట వరసలో కూర్చున్నవాళ్ళు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది.

బాబాయి ఎవరినీ చూడలేదు. బాకాని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు. అదే ఊపులో పెట్టెలోంచి బ్రష్షు తీసి, మూలనున్న పంపు దగ్గరికి నడిచి, పట్టపగలు, అంతమంది ఎదుటా పళ్ళు తోముకోవడం మొదలుపెట్టాడు.