చెవి తెగిన పొట్టేలు

నా జన్మలో నేను ఒక్క వాదమే గెలిచాను. దానికి దొర నా భుజాల మీద కప్పిన శాలువా ఇప్పటికీ పెట్టెలో ఉంది. పాడుది, దాన్ని పురుగు కూడా ముట్టలేదు.

నిజాం సర్కారు లెక్కలో ఫస్లీ పదమూడు వందల యాభైలో గద్వాల పక్క ఊరికి, ఉర్దూ బడి పంతులుగా వెళ్లాను. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో పరిణామ సిద్ధాంతం గురించి ఒక పుస్తకం నా చేతికి దొరికింది. ప్రాణులు ఒక్కరోజులో ఎవరో చేసి పెట్టినవి కావని, బతికి బట్టకట్టి పిల్లల్ని కన్నవాటి పోలికలే నిలుస్తాయని అందులో ఉంది. అది చదివినప్పటినుంచి ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేవాణ్ణి. ఊళ్లో నన్ను చూస్తే జనం పక్క సందులోకి తప్పుకునేవాళ్లు.

తప్పుకోనిది కిష్టమ్మ ఒక్కతే. గొర్రెల కాపరి ఈరన్న భార్య. బడి వెనక బీడులో మంద మేపుతూ నా మాటలు వినేది. ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా మాఘమాసంలో, జములమ్మ జాతరకు ముందు, దొర మనుషులు వచ్చి ప్రతి మందలోనూ అన్నిటికన్నా ఎత్తైన పొట్టేలును ఏరుకుపోతారు. పేరు అమ్మవారిది, విందు దొరది. ముప్పై ఏళ్లుగా అంతే. ఒకప్పుడు తొడ దాటి ఉండే గొర్రెలు ఇప్పుడు మోకాలు దాటడం లేదని ముసలివాళ్లు అనేవాళ్లు. అమ్మకు కోపం వచ్చిందనుకుని కాపరులు ఇంకా మంచి పొట్టేలును తామే వెతికి ముందుకు తోలేవాళ్లు.

మంచిదాన్ని కోతకిచ్చి, గిడసబారినదాన్ని విత్తనానికి ఉంచుకుంటే మంద ఇట్లాగే అవుతుందని కిష్టమ్మకు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించింది. జొన్నచేలో మంచి కంకినే విత్తనానికి కడతాం కదా, ఆ బుద్ధి గొర్రెల దగ్గర ఎటుపోయింది అంది. నాకు ఏడాది పట్టిన సంగతి ఆమెకు ఒక్క పూట పట్టింది.

ఆ ఏడు ఆమె మందలో పొడుగు కాళ్ల మగపిల్ల ఒకటి పుట్టింది. ఉన్ని తీసే కత్తెరతో కిష్టమ్మ దాని ఎడమ చెవి సగం కోసేసింది. ఒంట్లో లోపమున్న జీవాన్ని అమ్మవారికి ఇవ్వరు. మాఘంలో వచ్చిన దొర మనుషులతో, కంపలో చీరుకుందని చెప్పింది. వాళ్లు దాన్ని ఛీకొట్టి ఇంకోదాన్ని పట్టుకుపోయారు. రెండేళ్లు ఆ చెవి తెగిన పొట్టేలు మందలో నిలిచింది. దాని పిల్లలు ఏడాది తిరగకముందే తల్లుల ఎత్తు దాటాయి. వాటిలో మగవాటికీ కిష్టమ్మ చెవులు కోసింది. ఈ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే, మొగుడూ పెళ్లాలూ నేనూ. నీ నోట్లనే ఉంచుకో పంతులూ అని ఒక్కటే అడిగింది. ఉంచుకుంటానన్నాను.

ఆ రోజుల్లోనే దొరకు వాదాలు వినే సరదా పుట్టింది. ఒక శుక్రవారం, బడికి సెలవు, దొర ఉండే గడీకి రమ్మని కబురొచ్చింది. నా ఎదుట ఊరి పురోహితుడు కూర్చున్నాడు. సృష్టికర్త చేసినప్పుడు ప్రాణులు ఎట్లా ఉన్నాయో ఇప్పుడూ అట్లాగే ఉన్నాయని ఆయన వాదం. నేను ఎక్కడివో దీవుల్లోని పక్షుల గురించి, తాబేళ్ల గురించి చెప్పాను. ఎన్నడూ చూడని తాబేళ్ల మాట మనకెందుకు, మన ఊళ్లో మారిన ప్రాణిని ఒక్కదాన్ని చూపించమన్నాడు ఆయన. అందరూ నవ్వారు. దొర కూడా నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది.

ఈరన్న మందను చూడండి అన్నాను. చెవి తెగిన పొట్టేలుకు పుట్టినవి ఎంత ఎత్తు పెరిగాయో చూడండి అన్నాను. అక్కడ ఆగినా సరిపోయేది. అయితే వాటి చెవులూ తండ్రి పోలికేనా, తెగిన చెవులతోనే పుట్టాయా అని పురోహితుడు అడిగాడు. తెలివైన ప్రశ్న. దానికి జవాబు నా దగ్గర ఉండడమే నా ఖర్మ.

"చెవులు నిండుగానే పుడతాయి," అన్నాను. "ఎత్తు రక్తంలో వస్తుంది. చెవి కోత కత్తెరతో వస్తుంది."

పురోహితుడు తల వంచుకున్నాడు. ఓడిపోయినందుకనుకున్నాను నేను. దొర లేచి, శాలువా తెప్పించి, తన చేతులతో నాకు కప్పాడు.

"చదువంటే గిట్లుండాలె," అన్నాడు. "మాకు తెల్వని సంగతి చెప్పినవు పంతులూ."

మర్నాడు పొద్దున్నే దొర మనుషులు ఈరన్న మంద మీద పడి చెవి తెగిన పొట్టేళ్లన్నిటినీ పట్టుకుపోయారు. అమ్మవారి సొత్తు దాచాడని ఈరన్నను గడీ ముందు ఎండలో వంగబెట్టి, వీపు మీద బండ పెట్టారు. బడికి పోయే దారి అదే. అటు తల తిప్పకుండా పోయాను. పిల్లలకు ఆ రోజు ఎక్కాలు చెప్పాను. సిగ్గులేనివాణ్ణి కాబట్టి చెప్పగలిగాను. మధ్యాహ్నానికి బండ దింపించింది పురోహితుడు. దొర కాళ్ల మీద పడ్డాడట.

బడి విడిచాక కిష్టమ్మ వచ్చి గడప బయట నిలబడింది. నేను మళ్లీ పాఠమే చెప్పాను. పొట్టేళ్లు పోయినా వాటి రక్తం ఆడ గొర్రెపిల్లల్లో ఉంది, మళ్లీ మొదలుపెట్టొచ్చు అన్నాను.

"ఆడపిల్లలను గూడ తోలుకపోయిండ్రు," అంది. "అమ్మవారికి గాదు, దొర మందలకు. ఎత్తు రక్తంల వస్తదని నువ్వే చెప్పినవంట గద."

నేను బల్ల మీది పుస్తకాలు సర్దాను.

"ఆ పొట్టేలుకు నోరు లేదు పంతులూ. గందుకే రెండేండ్లు దాగింది," అని వెళ్లిపోయింది. మళ్లీ బడి వెనక బీడుకు మంద తోలలేదు.

ఆ మాఘంలో జాతరకు పోయింది మోకాలెత్తు పొట్టేలే. అదీ ఈరన్న మందలోదే. దొర మంద మాత్రం ఏటేటా ఎత్తు పెరిగింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి చూసి మెచ్చుకునేవాళ్లు. నా సిద్ధాంతానికి అంతకన్నా మంచి రుజువు నాకు ఎక్కడా దొరకలేదు.