బర్మా రాయబారులు, ఒక ఇత్తడి చెంబు

నీళ్ళు ముందా, మాట ముందా? ముప్పై తొమ్మిదేళ్ళుగా ఈ సందేహం అయ్యాసామి మనసులో నానుతూనే ఉంది. ఆ ఉదయం కూడా కోవిల్‌పట్టిలో ఈశ్వరన్ ప్రెస్సు వెనక గదిలో చాప మీద కూర్చుని, అచ్చయిన కాగితాలను ఎముక బద్దతో నొక్కి మడతపెడుతూ దాన్నే నెమరు వేసుకుంటున్నాడు.

యాభై ఏడేళ్ళ మనిషి. ఇరవై ఆరేళ్ళుగా బైండింగు పని. మైదా బంక ఎండి పగిలిన వేళ్ళు, దబ్బనం తోసి తోసి రాయిలా గట్టిపడిన బొటనవేలు. మెడ ఎప్పుడూ కొంచెం ఎడమకు వాలి ఉంటుంది. పుస్తకాలు కుట్టేవాడే కానీ చదివేవాడు కాదు. తమిళ అక్షరాలు కూడబలుక్కుంటాడు. ఇంట్లో మాట్లాడే తెలుగుకైతే అక్షరాలుంటాయన్న సంగతే అతనికి చాలాకాలం తెలియదు.

చేతిలో ఉన్న పుస్తకం మాత్రం అతన్ని వదలలేదు. బర్మాకు మన దేశం పంపిన రాయబారుల చరిత్ర. నూట పన్నెండు పేజీలు, మూడు వందల ప్రతులు. రాసింది విరుదునగర్‌లో రిటైరైన పంతులు రాజగోపాలన్. ఆయన రంగూన్‌లో పుట్టాడు. యుద్ధకాలంలో తండ్రి వేలు పట్టుకుని అడవుల వెంట నడిచి వచ్చినవాడు. పదకొండేళ్ళు లైబ్రరీలకు ఉత్తరాలు రాసి ఆ వివరాలన్నీ పోగుచేశాడు. చివర్లో ఒక పట్టిక ఉంది. రాయబారి పేరు, వెళ్ళిన తేదీ, తిరిగొచ్చిన తేదీ. ఒకరు వచ్చేశాక ఇంకొకరు వెళ్ళేలోపు కొన్ని నెలలు ఖాళీ. ఆ ఖాళీ గడుల దగ్గర అయ్యాసామి వేలు ఆగిపోయేది.

మూడు నెలల కిందట ప్రూఫులు చూడ్డానికి వచ్చినప్పుడు ఆయన్నే అడిగాడు. "సార్, వీళ్ళు ఆ వూరు దిగినాక మొదట ఏం చేస్తారు?"

తెలుగు వినగానే రాజగోపాలన్ ముఖం విప్పారింది. "ఉత్తరం ఇస్తార్రా. మన పెద్ద రాసిచ్చిన ఉత్తరం ఆ దేశపు పెద్ద చేతిలో పెడితేనే రాయబారి. అందాక ఊరికే వొచ్చిన మనిషే."

"ఉత్తరం ముందా సార్, కాపీ ముందా?"

"ఏం కాపీ?"

"వొచ్చినోడికి తాగను ఏమన్నా ఇస్తారు గదా. అది ఉత్తరానికి ముందరా, తరవాతా?"

ముందు గదిలోంచి ఈశ్వరన్ నవ్వాడు. "వీడికి ఎప్పుడూ కాపీ మీందే కన్ను సార్!"

రాజగోపాలన్ నవ్వలేదు. ప్రూఫు అంచున ఏదో రాసుకున్నాడు. "ఇన్నేండ్లుగా చదవతా ఉండా, ఈ మాట నాకు తట్టనే లేదు. డిల్లీకి రాసి అడగతా."

అయ్యాసామి తండ్రి కూడా కబురు మోసినవాడే. కయత్తారు దారిలోని వాళ్ళ ఊళ్ళో పెద్ద ఇళ్ళలో ఎవరు పోయినా, చుట్టాల ఊళ్ళకు చావు కబురు చేరవేయడం ఆయన వంతు. దానికో పద్ధతి ఉంది. వాకిట్లో నిలబడాలి. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవాలి. ముందు మాట చెప్పాలి. తర్వాత ఆ ఇంటివాళ్ళు దోసిట్లో నీళ్ళు పోస్తారు. తాగి, వెనక్కి చూడకుండా తిరిగి రావాలి. మాటకు ముందు నీళ్ళు ముట్టకూడదు. ఒక ఇంటి నీళ్ళు గొంతు దిగాక, ఆ ఇంటి చెడు నోట రాదనేవాడు తండ్రి.

ముప్పై తొమ్మిదేళ్ళ కిందట ఒకసారి తండ్రికి కాలు వాచింది. ఊళ్ళో గురుసామయ్య తల్లి పోయింది. ఆమె కూతురు గాంధిమతిని విరుదునగర్‌లో ఇచ్చారు. కబురు చెప్పి రమ్మని పద్దెనిమిదేళ్ళ అయ్యాసామిని పంపారు. సాత్తూరు దగ్గర బస్సు చెడిపోతే ఎర్రటి ఎండలో నడిచాడు. వాకిట్లో గాంధిమతి కనిపించింది. నెలలు నిండిన కడుపు, నడుం మీద చెయ్యి. "మన వూరోడివి గదా! ఏం యెండరా ఇది, ముందు తాగు" అంటూ లోపలి నుంచి చెంబు తెచ్చింది. దోసిట్లో పొయ్యలేదు. చెంబే చేతికిచ్చింది.

అప్పటిదాకా ఎవరూ అతని చేతికి చెంబు ఇవ్వలేదు. పద్ధతి మర్చిపోయాడు. తాగేశాడు.

"అమ్మ బాగుండాదా?"

"బాగుండాదమ్మా" అని అతని నోరే అంది. పరుగులాంటి నడకతో బయటపడ్డాడు. చెంబు చేతిలోనే ఉందని బస్టాండులో కానీ తెలియలేదు.

ఊళ్ళో "చెప్తిని" అన్నాడు. పొద్దు గూకేదాకా కూతురి కోసం చూసి శవాన్ని ఎత్తారు. మూడో రోజు మరెవరి నోటో ఆమెకు తెలిసింది. అన్న కబురైనా పంపలేదని ఆమె, కబురు అందినా రాలేదని ఆయన. రెండిళ్ళకూ రాకపోకలు ఆగిపోయాయి. పెళ్ళిళ్ళకు పిలుపుల్లేవు. ఇప్పటికీ కోవిల్‌పట్టి సంతలో కనిపిస్తే గురుసామయ్య కర్ర ఆనించుకుని ఒకే మాట అడుగుతాడు. "నువ్వు చెప్తివి గదా అయ్యాసామీ?"

"చెప్తిని సామీ."

ప్రతిసారీ ఆ పూటే శెన్బగవల్లి అమ్మవారి గుడికి వెళ్ళేవాడు. నిండు చూలాలికి చెప్పకపోవడం పుణ్యమేమోనని ఒకసారి, అన్నాచెల్లెళ్ళను విడదీయడం కన్నా పాపం ఏముందని ఇంకోసారి. అమ్మవారు ఎప్పుడూ ఒకేలా చూసేది.

పోయిన వారం పుస్తకం చివరి పేజీ మడుస్తుంటే రచయిత చిరునామా కనబడింది. పాత బియ్యం మండీ వెనక వీధి. గాంధిమతి చెంబిచ్చిన ఇల్లే. అంటే పంతులు ఆమె భర్త. బద్ద చేతిలోంచి జారింది.

అందుకే ఈ పొద్దు లేవగానే దేవుడి గూట్లో దాచిన ఆ ఇత్తడి చెంబు దించి చింతపండుతో తోమాడు. భార్య పంచవర్ణం వింతగా చూసింది. "ఏంది, పొద్దన్నే చెంబు మీంద పడినావు? నన్ను ఒకనాడన్నా దీంట్లో తాగనిస్తివా?"

"ఇచ్చేసి వొస్తా."

"ఎవురికి?"

"వొచ్చి చెప్తా."

"పెండ్లయినప్పటి నించి ఇదే మాట!" అంటూనే చెంబు చుట్టడానికి ఉతికిన తువ్వాలు ఇచ్చింది.

పది గంటలకు మొదటి పుస్తకానికి అట్ట అతికించి, బరువు కింద పెట్టి, ఆరాక అంచులు కోశాడు. ఈశ్వరన్ తిప్పి చూశాడు. "సార్‌కు ఒంట్లో బాగలేదని వింటిని. పోస్టులో వేస్తాం లే."

"నేనే పోతానన్నా."

"నువ్వా? విరుదునగర్ అంటేనే కడుపునొప్పి వొచ్చేది గదరా నీకు!"

"ఈ పొద్దు రాలేదన్నా."

బస్సు సాత్తూరు దాటేదాకా ఒళ్ళో సంచి కదలకుండా పట్టుకున్నాడు. చెప్పాల్సిన మాట ఎన్నిసార్లు కూర్చుకున్నా మధ్యలో తెగిపోతోంది. పట్టికలోని రాయబారులకైతే చేతిలో ఉత్తరం ఉంటుంది. గొంతు ఆరిపోయినా కాగితం మాట్లాడుతుంది.

వాకిలి మారలేదు. గడప రాయి మాత్రం అరిగింది. లోపల పంతులుగారి కుర్చీ ముందు పట్టపగలే దీపం వెలుగుతోంది. పక్కన కళ్ళజోడు. నెరిసిన తలతో గాంధిమతి వచ్చింది.

"ప్రెస్సు నించి వొస్తిని అమ్మా."

"యెండన పడి వొచ్చినావు. ఉండు." స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

అయ్యాసామి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ముందు ఆ దీపం మాట చెప్పండమ్మా. తరవాత తాగతా."

ఆమె అతన్నీ దీపాన్నీ చూసింది. "పోయిన మంగళవారం సార్ పోయినారు. ప్రెస్సుకు చెప్పి పంపను మనిషి లేకపోయె."

అతను పుస్తకం తీసి గడప మీద పెట్టాడు.

"బైండరు అయ్యాసామి నువ్వేనా? ముందు రోజు డిల్లీ నించి కార్డు వొచ్చింది. నీకు చెప్పమన్నారు. ఉత్తరమే ముందంట, కాపీ తరవాతంట. ఏందో మరి, అది చదివి ఒకటే నవ్వు ఆయనకు."

అయ్యాసామి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. తువ్వాలు విప్పి చెంబు పుస్తకం పక్కన పెట్టాడు. ఈసారి మాట తెగలేదు.

"అమ్మా, మీ అమ్మగారు పోయినారు. పొద్దు గూకే లోపల రమ్మని మీ అన్న నన్ను పంపినారు. నేను ముందర నీళ్ళు తాగేస్తిని."

ఆమెకు అర్థం కావడానికి సమయం పట్టింది. వంగి చెంబు తీసింది. అంచు కింద చుక్కలతో కొట్టించిన పేరు మీద వేలు నడిచింది. పెరియనాయగి. అమ్మ పేరు.

"నా బిడ్డలకంతా చెప్తిని," అంది. "ఎవుడో దొంగ మా అమ్మ చెంబు ఎత్తకపోయినాడని." నవ్వబోయి గడప మీద కూలబడింది. "అన్న పంపినాడా? పంపినాడా నిజంగా?"

"పంపినారమ్మా. ఆ పొద్దంతా వాకిట్లోనే నిలబడి మీకోసం చూసినారు."

ఆమె చెంబును ఒళ్ళోకి తీసుకుంది.

"నన్ను తిట్టండమ్మా."

"తిడతా. నువ్వు చెప్పింటే ఆ బస్సులోనే బిడ్డను కనింటానేమో. చెప్పకపోతివి, అన్న నాకు లేకుండా పోయె. ఏది పాపమో దేవుడే చెప్పాల." కళ్ళు తుడుచుకుంది. "అన్న తిరగతా ఉండాడా?"

"కర్ర పట్టుకోని తిరగతా ఉండారు."

"అయితే పో. సార్ పోయినారని చెప్పు. చెల్లెలు పదారో నాటి కర్మకు రమ్మనిందని చెప్పు. ఈసారన్నా ముందు నీళ్ళు తాగొద్దు."

లేచి లోపలికి వెళ్ళి చెంబు నింపి తెచ్చింది. ఆనాటిలాగే అతని చేతికిచ్చింది. అయ్యాసామి చెంబు ఎత్తి తాగాడు. నీళ్ళు గొంతులో ఎక్కడా అడ్డుపడలేదు. చెంబు దించి, కయత్తారు బస్సు కోసం వెనక్కి చూడకుండా నడిచాడు.

గడప మీద, ఇంకా బంక వాసన పోని పుస్తకం పక్కన, పెరియనాయగి పేరున్న చెంబు అడుగున గుక్కెడు నీళ్ళు మిగిలి ఉన్నాయి.