ఫ్యాను మూతి దగ్గర ఎర్ర గుడ్డ

ఈసారి కుర్చీ ఖాళీగా కనిపిస్తే, బొగ్గుబాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంపు రూముకు పంపేస్తానని మేనేజర్ కుతుబుద్దీన్ పొద్దున్నే తేల్చేశాడు. ఎలిజబెత్ తల వంచలేదు.

గోదావరిఖని దగ్గరి ఆ బాయికి కంప్యూటర్ వచ్చి ఏడాది కాలేదు. బొగ్గు తవ్వేచోట గాలి ఎంత ఆడుతోందో, గ్యాసు ఎంత ఉందో పైన గదిలో తెర మీద పచ్చటి అంకెలుగా కనిపిస్తాయి. వాటిని కనిపెట్టుకుని ఉండడమే ఆమె డ్యూటీ. కొట్లాడి తెచ్చుకున్న కుర్చీ అది.

కొత్తలో రెప్ప వేయకుండా చూసింది. నెల తిరిగేసరికి కళ్లు మండాయి, నీళ్లు కారాయి, మూడు ఎనిమిదిలా కనిపించింది. దవాఖానలో కళ్ల డాక్టరమ్మ మందు రాయలేదు. కాసేపటికోసారి తెర వదిలి దూరంగా దేన్నైనా చూడమంది, రెప్పలు ఆడించమంది.

అప్పటినుంచి ఎలిజబెత్ గుమ్మంలో నిలబడి ఫ్యాన్ హౌస్ వైపు చూస్తుంది. బాయిలోని చెడుగాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాను అక్కడుంది. గాలి బయటికి తోసే ఆ ఫ్యాను మూతి దగ్గర, దాన్ని నడిపే ఎల్లన్న ఎప్పుడో ఒక ఎర్ర గుడ్డ కట్టాడు. గాలి తోపుకు అది నిటారుగా లేచి కొట్టుకుంటుంది. మొదట్లో ఆమెకు మసక మచ్చలా ఉండేది. ఇప్పుడు దాని చిరుగు కూడా కనిపిస్తోంది.

"ఆ గుడ్డకు నీకు ఏం సుట్టరికం అక్కా?" అని పక్క కుర్చీలోని ఇస్హాక్ రోజూ ఎగతాళి చేస్తాడు. కదలకుండా కూర్చోవడమే గొప్ప అనుకునే రకం అతను.

ఆ మధ్యాహ్నం లైట్లు ఒకసారి మినుక్కుమని మళ్లీ వెలిగాయి. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి ఎలిజబెత్ కళ్లు బరువెక్కాయి. వరండాలో మేనేజర్ గొంతు వినిపిస్తోంది. అయినా లేచింది.

గుడ్డ వేలాడుతోంది.

గిర్రున వెనక్కి తిరిగింది. తెర మీద గాలి బాగానే ఉంది, గ్యాసు లేదు. అంతా మంచిగనే ఉంది గదా అన్నాడు ఇస్హాక్. ఆమె తెర మూలన ఉన్న గడియారం చూసింది. సెకన్లు కదలడం లేదు. కరెంటు మినుక్కుమన్నప్పుడే కంప్యూటర్ బిగుసుకుపోయింది. అతను చూస్తున్నవి పాత అంకెలు.

ఫోను అందుకునేసరికి కుతుబుద్దీన్ గుమ్మంలో ఉన్నాడు. గుడ్డ వాలిపోయిందని, లోపలివాళ్లను పైకి పిలుస్తున్నానని చెప్పింది.

"గుడ్డను జూసి షిఫ్టు ఆపుతవా బేటీ?"

"ఆపుతున్న సార్. తెర సచ్చింది, గుడ్డ నిజం చెప్తున్నది. తప్పయితే రేపటిసంది లాంపు రూములనే ఉంట."

బాయి లోపల షిఫ్టును చూసుకునే ఓవర్‌మన్ ఆమోసుకు, మనుషులందరినీ తీసుకుని జల్ది పైకి రమ్మని చెప్పింది. తర్వాత ఫ్యాన్ హౌస్‌కు చేసింది. ఆగిన ఫ్యానుతో ఎల్లన్న ఒక్కడే కుస్తీ పడుతున్నాడు. ఎందుకు చెప్పలేదని అడిగింది.

"నీ తెర మీద కనిపిస్తది గద బిడ్డా అనుకున్న."

కంప్యూటర్ వచ్చినప్పటినుంచి బాయి మీద అందరిదీ అదే ధీమా.

అందరూ క్షేమంగా పైకి వచ్చారు. తాము బయలుదేరేటప్పటికే గ్యాసు పేరుకోవడం మొదలైందని ఆమోసు చెప్పాడు. కుతుబుద్దీన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, గుమ్మంలోంచి ఆ గుడ్డను చాలాసేపు చూశాడు.

"కండ్లు మండినప్పుడల్లా లేస్తవా?"

"మండకముందే లేస్త సార్."

మర్నాటి నుంచి ఇద్దరూ వంతులవారీగా లేవాలని హుకుం వచ్చింది. ముందు ఇస్హాక్ వంతు. అతను బద్ధకంగా గుమ్మం వైపు నడుస్తుంటే ఎలిజబెత్ తెర మీంచి చూపు తిప్పకుండానే అంది.

"మా సుట్టాన్ని అడిగిన్నని చెప్పు తమ్మీ."