తెలిసినవాళ్ళు ఇద్దరు

బోరు లారీ మీద పనిచేసే ఆదెన్నకు పాస్‌పోర్టు కావలసి వచ్చింది. ఓనరు తన బోరు రిగ్గుల్లో ఒకదాన్ని ఆఫ్రికాకు పంపుతున్నాడు. టాంజానియా అనే దేశంలో బోర్లు వేసే కాంట్రాక్టు దొరికిందట. డ్రిల్లరుగా వస్తావా అని అడిగితే ఆదెన్న అక్కడికక్కడే వస్తానన్నాడు. ఇంట్లో అడిగి చెప్తాననడానికి ఇంట్లో ఎవరూ లేరు. నాయన చిన్నప్పుడే పోయాడు. అమ్మ కూడా పోయి కొన్నేళ్ళయింది. పెళ్ళి మాట ఒకటి రెండుసార్లు వచ్చింది గానీ, ఎప్పుడూ లారీ మీదే ఉండేవానికి పిల్లనెట్లా ఇచ్చేదని అవతలివాళ్ళే వెనక్కి తగ్గారు.

కళ్యాణదుర్గం బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లో జ్యోతి అనే అమ్మాయి అతని అప్లికేషన్ నింపింది. పేరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు అన్నీ ఆధార్ కార్డు చూసి టకటకా కొట్టేసి, ఒకచోట ఆగింది.

"ఇద్దరి పేర్లు చెప్పన్నా. మీ ఊర్లో నిన్ను ఎరిగినోళ్ళు. ఫోన్ నంబర్లు కూడా కావల్ల."

ఆదెన్న ఫోన్ తీసి పేర్లు పైకీ కిందికీ జరుపుతూ పోయాడు. డీజిల్ బంకు, హ్యామర్ మెకానిక్కు, వెల్డింగు, పైపుల షాపు. మిగిలినవన్నీ బోర్లు వేయించుకున్న రైతుల నంబర్లు. ముదిగుబ్బ పెద్దాయన, హిరియూరు రెండు బోర్లు, బావి కాడ మేడం. సొంత ఊరి నంబరు ఒక్కటే దొరికింది. చిన్నప్పుడు పక్కింట్లో పెరిగిన ఆంజనేయులుది.

"ఇంకొకరన్నా."

ఆదెన్న ఫోన్ పక్కన పెట్టాడు. వాళ్ళ వీధిలో ఇంకా కాపురం ఉన్నవాళ్ళను తలచుకుంటే ఇద్దరే గుర్తుకొచ్చారు. పెద్దక్క అవ్వకు ఫోన్ లేదు. ఇక మిగిలింది ఎదురింటి గంగప్ప.

"గంగప్ప అని రాయమ్మా" అన్నాడు. నంబరు కోసం ఆంజనేయులుకు ఫోన్ చేశాడు. ఆంజనేయులు నంబరైతే ఇచ్చాడు గానీ, "ఆయప్ప పేరు రాయించినావా?" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు.

అనంతపురం పోస్టాఫీసులోని పాస్‌పోర్టు కేంద్రంలో ఫోటో తీసుకుని, వేలిముద్రలు తీసుకుని పంపించేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు, చిత్రదుర్గం పక్క ఒక పొలంలో బోరు వేస్తుండగా ఫోన్ వచ్చింది. బెళుగుప్ప స్టేషన్ నుంచి కానిస్టేబులు బయ్యన్న. కంప్రెసర్ మోతలో మాట వినపడక ఆదెన్న పరుగెత్తి దూరంగా పోయి నిలబడ్డాడు.

"వెరిఫికేషన్‌కు రేపు మీ ఊరికి వస్తాండా. ఇంటి కాడ ఉండు" అన్నాడు బయ్యన్న.

తెల్లవారి మొదటి బస్సు పట్టుకుని ఊరు చేరాడు. వీధిలో సగం ఇళ్ళకు తాళాలున్నాయి. వానలు ముఖం చాటేసిన ఏడాది ఒక్కో కుటుంబమే బెంగళూరు పోయింది. తర్వాత వానలు పడినా వాళ్ళు రాలేదు. ఆదెన్న తమ మట్టిమిద్దె తలుపు తీస్తే దుమ్ము వాసన గుప్పుమంది. అమ్మ ఎండబెట్టుకున్న చీర ఒకటి లోపలి తీగ మీద అట్లాగే ఉండి, మడత దగ్గర రంగు వెలిసిపోయింది. దాన్ని తీసి ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ తీగ మీదే వేశాడు.

బయ్యన్న మోటార్ సైకిలు మీద వచ్చాడు. నడివయసు మనిషి. అరుగు మీద కూర్చుని కాగితాలు తీశాడు.

"ఏమప్పా, నువ్వు ఈడ ఉండవంట కదా?"

"ఎవురు చెప్పినారు సార్?"

"ఆంజనేయులని రాసినావే, ఆయప్పకు ఫోన్ చేస్తి. ఆయప్పే బెంగళూరులో ఏదో అపార్ట్‌మెంటు కాడ వాచ్‌మన్ అంట. ఆదెన్న మంచోడే సార్, కానీ ఊర్లో ఉండడు అన్నాడు. మరి యాడ ఉంటావు?"

"రిగ్గు మీద సార్."

"రిగ్గు అడ్రసు కాదు కదప్పా."

బయ్యన్న తలుపు లోపలికి ఒకసారి చూశాడు. అప్పుడే ఊడ్చిన నేల, చల్లారి ఎన్నాళ్ళో అయిన పొయ్యి.

"చూడు, ఇల్లు నీదే, కార్డు నీదే. నాకేం పట్టింపు లేదు. ఊరోళ్ళు ఇద్దరు ఆధార్ కార్డు తీసుకుని వచ్చి, ఈ మనిషి ఈ ఊరోడే, పని మీద పోయి వస్తాంటాడు, మాకు బాగా తెలుసు అని నా ముందర చెప్పి సంతకం పెట్టల్ల. పక్క ఊర్లో ఇంకొక పని ఉండాది. సాయంత్రం మళ్ళ ఇట్లే వస్తా. ఇద్దర్నీ పిల్చుకోనుండు. లేకుంటే ఈ అడ్రసులో లేడని రాసి పంపీల్సి వస్తుంది."

పెద్దక్క అవ్వ గడప దగ్గర కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది. చూపు మందగించి, కాయను వేలితో తడిమి చూసుకుంటోంది.

"ఎవురప్పా అది?"

"ఆదెన్నను అవ్వా. నర్సమ్మ కొడుకును."

"రా, కూర్చో. మీ యమ్మ దినాలకు వచ్చి పోతివి. మళ్ళ ఇదేనా రావడం?"

"పని అవ్వా."

"ఎవురికి లేదప్పా పని" అంది ఆమె. అతను విషయం చెప్పాడు. ఆమె చివరిదాకా విని, "నేను వేలిముద్ర ఏస్తాలే. ఇంకొకరు ఎవురు?" అని అడిగింది.

"గంగప్ప చిన్నాయన్ను అడగల్లనుకుంటాండా."

అవ్వ చేతులు ఆగాయి. "పో, అడుగు" అంది. "నువ్వు ఎప్పుడో ఒకపొద్దు అడగాల్సిందే."

గంగప్పకు ఒకప్పుడు చీనీ తోట ఉండేది. ఒక్క బోరు మీద, సొంత బిడ్డల్లా పెంచిన బత్తాయి చెట్లు. కాపు అందుకున్న ఏడాదే పక్క పొలం రైతు బోరు వేయించాడు. వచ్చింది ఆదెన్న రిగ్గే. గంగప్ప గట్టుకు దగ్గరగా బోరు పాయింటు పెట్టారు. ఆదెన్నకు గంగప్ప బోరు ఎక్కడుందో తెలుసు. ఆ రైతు వేయమన్నాడు, ఓనరు వేయమన్నాడు, అతను వేశాడు. చాలా లోతు పోయాక నీళ్ళు ఒక్కసారిగా చెట్టెత్తున ఎగిశాయి. ఊరంతా వచ్చి చూసింది. ఆదెన్న నిలువునా తడిసి నవ్వుతున్నాడు. అప్పుడే గట్టు మీద నిలబడిన గంగప్ప కనిపించాడు. ఆయన నీళ్ళను చూడటం లేదు. ఆదెన్ననే చూస్తున్నాడు.

ఆ వేసవికి గంగప్ప బోరు నీళ్ళకు బదులు గాలి కక్కింది. ట్యాంకర్లతో నీళ్ళు తోలి కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. చివరికి చెట్లు నరికి కట్టెలకు ఇచ్చేశాడు. ఎవరితోనూ తగవు పెట్టుకోలేదు. నర్సమ్మ చనిపోయినప్పుడు వచ్చి పాడె మోశాడు, ఆదెన్నతో ఒక్క మాట మాట్లాడకుండా స్నానం చేసి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు గంగప్ప బీడుపడిన ఆ తోటలోనే గొర్రెలు మేపుతున్నాడు. నరికిన చెట్ల మొదళ్ళు ఇంకా అక్కడక్కడా నేలలో ఉన్నాయి. ఆదెన్న వాటిని తప్పించుకుంటూ నడిచి దగ్గరికి పోయాడు.

"చిన్నాయనా."

గంగప్ప తల తిప్పలేదు. "పొద్దున పోలీసాయన ఫోన్ చేసినాడు" అన్నాడు. "ఆదెన్న తెలుసా అని అడిగినాడు."

"ఏం చెప్పినావు?"

"సరిగ్గా వినపల్లేదని పెట్టేసినా."

సాయంత్రం ఆయన మళ్ళీ వస్తాడని, ఆధార్ కార్డుతో వచ్చి సంతకం పెట్టాలని ఆదెన్న చెప్పాడు. ఒక గొర్రె దగ్గరికి వచ్చి అతని చెప్పును వాసన చూసి వెళ్ళిపోయింది.

"యాడికి పోతాండావు?" అని అడిగాడు గంగప్ప.

"ఆఫ్రికాకు."

"ఆడ ఏం పని?"

"ఇదే పని చిన్నాయనా."

గంగప్ప కట్టె భుజాన వేసుకుని మందను మిట్ట వైపు మళ్ళించాడు. ఆదెన్న వెంట పోదామనుకుని, ఏమని పోవాలో తెలియక నిలబడిపోయాడు. మంద మిట్ట దాటి కనుమరుగయ్యాక వెనక్కి తిరిగాడు.

సాయంత్రం బయ్యన్న చెప్పినట్టే వచ్చాడు. పెద్దక్క అవ్వ కట్టె పట్టుకుని, ప్లాస్టిక్ కవరులో ఆధార్ కార్డు పెట్టుకుని ముందే వచ్చి అరుగు మీద కూర్చుంది. బయ్యన్న ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాడు.

"రెండో ఆయన?"

"వస్తాడు సార్" అంది అవ్వ. వస్తాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆదెన్న వీధి చివరికి చూస్తూ నిలబడ్డాడు. తాను పెరిగిన వీధి అది. ఇంకెవరి తలుపు తట్టాలా అని ఒక్కొక్క ఇల్లే చూస్తూ పోతే అన్నీ తాళాలే. బయ్యన్న రెండుసార్లు ఫోన్ తీసి టైము చూసుకున్నాడు. మూడోసారి చూసుకోబోతుండగా గొర్రెల మంద దుమ్ము రేపుకుంటూ వీధిలోకి వచ్చింది. గంగప్ప వాటిని దొడ్డిలోకి తోలి, తడిక వేసి, తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. ఇంట్లోకి పోయి చొక్కా తొడుక్కుని బయటికి వచ్చాడు. చేతిలో కార్డు ఉంది.

"ఈయప్ప మీకు తెలుసా?" అని అడిగాడు బయ్యన్న.

"తెలుసు."

"ఎట్లాంటోడు?"

"చెప్పల్లా?"

"చెప్పల్లన్నా. అందుకే కదా పిలిపించింది."

గంగప్ప ఆదెన్న వైపు చూడకుండా చెప్పాడు. "వీళ్ళ నాయన, నేను కలిసి గొర్రెలు మేపినాము. నర్సమ్మకు నొప్పులొచ్చినప్పుడు ఎద్దుల బండి కట్టుకోని కళ్యాణదుర్గం ఆస్పత్రికి నేనే తోలుకోని పోయినా. దారిలో పుట్టినాడు వీడు. దొంగతనం ఎరగడు, తాగడు. ఒగరి మీద చెయ్యెత్తినోడు కాదు." చేతిలోని కార్డు బయ్యన్నకు అందించాడు. "నా తోట ఎండిపోయింది వీడు ఏసిన బోరుతోనే. అది కూడా రాసుకుంటావా?"

బయ్యన్న పెన్ను ఆగింది. "అది కేసేమన్నా అయిందా?"

"లేదు."

"అయితే ఏంటికి చెప్తాండావన్నా?"

"తెలుసా అని అడిగితివి కదా. తెలిసింది చెప్తాండా."

గంగప్ప మెల్లగా, ఒక్కో అక్షరమే రాస్తూ సంతకం పెట్టాడు. బయ్యన్న కాగితాలు సర్దుకుని, "పని అయిపోయినట్టే లేప్పా, మంచిగా పోయిరా" అని ఆదెన్న భుజం తట్టి వెళ్ళిపోయాడు.

గంగప్ప వీధి దాటుతుంటే ఆదెన్న వెనకాలే పోయాడు. "ఆ బోరు ఏసిన పొద్దు నీకొక మాట చెప్పిండల్ల చిన్నాయనా" అన్నాడు.

"చెప్పింటే ఏం చేసిందును? నేలలో నీళ్ళకు కంచె కట్టిందునా?"

"మరి సంతకం ఏంటికి పెట్టినావు?"

గంగప్ప గడప మీద నిలబడ్డాడు. గొంతులో కోపం లేదు. "నువ్వు దూరం పోవల్లని" అన్నాడు. తలుపు దగ్గరగా వేసుకుని లోపలికి పోయాడు.

పాస్‌పోర్టు పోస్టులో వస్తుందని, మనిషి చేతికే ఇస్తారని చెప్పారు. ఓనరు కూడా అది వచ్చేదాకా ఊర్లోనే ఉండమన్నాడు. ఆదెన్నకు పెద్దయ్యాక అన్ని రోజులు ఒక్కచోట ఉండటం అదే మొదలు. కంప్రెసర్ మోత లేక నిద్ర పట్టేది కాదు. మిద్దె మీది గడ్డి పీకాడు. కారే చోట్ల చవుడు మన్ను పోసి తొక్కాడు. తాను వెళ్ళిపోయాక ఆ మిద్దె కింద ఎవరూ ఉండరని తెలిసీ తొక్కాడు. అన్నం ఎప్పుడు వండినా ఎక్కువయ్యేది. రిగ్గు మీద పదిమంది కూలీలకు వండే చేయి అది. మిగిలింది పెద్దక్క అవ్వకు ఇచ్చి వచ్చేవాడు. ఆమె ఒక్కోసారి మాట్లాడేది, ఒక్కోసారి నిద్రపోతూ ఉండేది. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఎదురింట్లో గంగప్ప పెండ్లాం హనుమంతమ్మ దీపం పెట్టడం కనిపించేది. ఆమె ఇటు చూసేది, పలకరించబోయినట్టు ఆగేది, లోపలికి పోయేది.

ఒక మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ వచ్చి కవరు ఇచ్చాడు. ఆదెన్న నీలం అట్ట తెరిచి తన ఫోటో చూసుకున్నాడు. చూపించడానికి అవ్వ దగ్గరికి పోయాడు గానీ ఆమె గురకపెట్టి నిద్రపోతోంది. లేపడం ఇష్టం లేక కాసేపు పక్కన కూర్చుని వచ్చేశాడు.

బయలుదేరిన రోజు ఆటోలో ఎక్కి కూర్చున్నాక, కదలబోతుండగా గంగప్ప వచ్చి ఎక్కాడు. కళ్యాణదుర్గంలో గొర్రెలకు మందు తెచ్చుకునే పని ఉందట, డ్రైవరుతో చెప్పాడు. చోటు ఒక్కటే ఉంది, ఆదెన్న పక్కన. జనం కిక్కిరిసి ఉండటంతో ఇద్దరి మోకాళ్ళూ ఒకదానికొకటి తగులుతున్నాయి. బెళుగుప్ప దాటింది. రోడ్డుకు అటూ ఇటూ దున్ని, వాన కోసం పెట్టిన ఎర్ర చేలు. ఇద్దరూ బయటికే చూస్తున్నారు.

కళ్యాణదుర్గం చేరువవుతుండగా గంగప్ప అడిగాడు. "ఆ దేశంలో నీళ్ళు ఎన్ని అడుగులకు పడతాయంట?"

"తెలీదు చిన్నాయనా. పోయి చూడల్ల."

గంగప్ప తల ఊపాడు. ఆటో బస్టాండు దగ్గర ఆగింది. ఆయన ముందు దిగి, తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకున్నాడు. పోబోయి ఆగాడు.

"ఏసేముందర చుట్టుపక్కల ఎవురిదన్నా బావి ఉండాదేమో చూసుకో" అన్నాడు. "ఉంటే వాళ్ళకు ఒక మాట చెప్పు."

"చెప్తా చిన్నాయనా."

గంగప్ప మందుల షాపు వైపు నడిచిపోయాడు. ఆదెన్న బ్యాగు కాళ్ళ మధ్య పెట్టుకుని బెంగళూరు బస్సు కోసం నిలబడ్డాడు. పక్కనున్న మనిషి ఏ ఊరని అడిగాడు. ఆదెన్న ఊరి పేరు చెప్పాడు. ఆ ఊరు ఎక్కడుందో ఆ మనిషికి తెలియదు.